చేయి పడని మెడలు

సరస్సు మధ్య ఉన్న మా దీవిని ఖాళీ చెయ్యమని సర్కారు ఆజ్ఞ వచ్చిన ఏడాది నేను వీపున చంటిబిడ్డతో డాక్టరు దొర ఇంట్లో బట్టలు ఉతికి ఇస్త్రీ చేసేదాన్ని. ఆయన పేరు టార్బెట్. మా నాలుకలు ఆ పేరుకు తిరగక ఊరంతా ఆయన్ని మెడల దొర అనేది. నా భర్త కసుజ్జా అసలు పడవలు నడిపేవాడు, ఆ రోజుల్లో మాత్రం ఆయన దగ్గరే మెడలు తడిమే పనిలో ఉండేవాడు.

నిద్రజబ్బు మొదట మెడ వెనకే తెలుస్తుంది. చర్మం కింద చిక్కుడు గింజంత బిళ్ళ కడుతుంది. తరవాత పగటి కునుకు, మాట తడబాటు, వణుకు. చివరికి నోట్లో ముద్ద పెట్టుకుని నమలకుండానే నిద్రపోతారు. సరస్సు ఒడ్డు పొదల్లో ఉండే ఈగ కుట్టడం వల్ల వస్తుందని దొర చెప్పారు. అందుకే ఒడ్డున ఎవరూ ఉండకూడదని ఆజ్ఞ. జనాన్ని వరసలో నిలబెట్టేవారు. కసుజ్జా, అతని జతగాడు వామాలా ఒక్కొక్కరి మెడ వెనక రెండు వేళ్ళు పెట్టి చూసేవారు. బిళ్ళ తగలకపోతే ముంజేతికి తెల్లపూస. వాళ్ళు ఇంటివాళ్ళతో కలిసి అవతలి నేలకు దాటి, ఈగ లేని కొండ మీద గుడిసె వేసుకోవచ్చు. బిళ్ళ తగిలితే నీలంపూస. వాళ్ళు దొర బల్ల దగ్గరికి వెళితే ఆయన సూదితో బిళ్ళలోంచి చుక్క తీసి మైక్రోస్కోపు కింద చూసేవారు. పురుగు కనబడితే బులేరా శిబిరం. బులేరాకు నిండుగా వెళ్ళిన పడవలు ఖాళీగా తిరిగొచ్చేవి.

నాకు ఒకటే బెంగ. మా అమ్మ ఏ పడవ ఎక్కుతుంది?

అమ్మ ముంజేతికి తెల్లపూసే ఉంది. మేం కొండకు వెళ్ళే పడవ వంతు వచ్చేలోగా దాన్ని ఎవరూ తెంపకుండా ఉంటే చాలు. అయినా నాకు స్థిమితం ఉండేది కాదు. అమ్మ చేతులు వణుకుతున్నాయి. అరటికాయలు చెక్కు తీస్తుంటే కత్తి జారిపోతోంది. ఆడవాళ్ళంతా దానికి కారణం ఒకటే చెప్పారు. మాలో అత్త, అల్లుడు ఒకరినొకరు ముట్టుకోకూడదు, ఎదురుపడకూడదు. పొరపాటున తగిలితే వణుకు పట్టుకుంటుంది. కిందటి వానల్లో ఇద్దరూ తప్పక ఒకే పడవలో, పెడమొహాలు పెట్టుకుని వెళుతుంటే గాలివాన వచ్చి అందరూ ఒక పక్కకు ఒరిగిపోయినప్పుడు కసుజ్జా మోకాలు అమ్మ మోకాలికి తగిలింది. అదే కారణమన్నారు. కసుజ్జా పాపం తలవంచుకుని, పెద్దమనిషి చేత అమ్మకు ఒక కోడిని, చెట్టు బెరడు సాగగొట్టి చేసిన కొత్త పట్టబట్టను పంపించి తప్పు కాయమన్నాడు. అమ్మ కోడిని కోయించుకుని తింది. వణుకు మాత్రం పోలేదు.

అమ్మ గుడిసె మా ఇంటి వెనకే, అరటి దడికి అవతల. అత్తా అల్లుడూ రోజూ మాట్లాడుకునేవారు, దడికి చెరో వైపు నుంచి, మధ్యలో నన్ను పెట్టుకుని.

"ఊరందరి మెడలూ పట్టుకొచ్చారు కదా, చేతులు కడుక్కున్నారా అని అల్లుడు గారిని అడగవే" అనేది అమ్మ.

"చేతులు కడుక్కున్నావా అని అడుగుతోంది" అనేదాన్ని నేను, అతనికి చక్కగా వినబడినా.

"దొర గారి సబ్బుతో కడుక్కున్నానని చెప్పు."

"సబ్బుతో కడుక్కున్నాడటమ్మా."

"అదీ సంగతి! వేరుసెనగ పులుసులో ఆ కంపు ఎక్కణ్ణుంచి వచ్చిందా అనుకుంటున్నాను."

దడి అవతల అమ్మ నవ్వేది, ఇవతల కసుజ్జా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. ఆ నవ్వు మధ్యలో అమ్మ మాట ఆగిపోయేది. తొంగిచూస్తే కూర్చున్నచోటే కళ్ళు మూసుకుని ఉండేది. ఎండ ఎక్కువగా ఉందిలే అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. తెల్లపూస ఉందిగా అనుకునేదాన్ని. అనుకున్న గడియకే మళ్ళీ లేచి చూసేదాన్ని.

డాక్టరు దొర అంతకుముందు చాలా చోట్ల పనిచేశారు. మొదట ఓడలో డాక్టరు. తరవాత పడమటి తీరంలో ఏదో రేవు. అక్కడ పచ్చజ్వరం వచ్చి ఆయనతో దిగినవాళ్ళంతా పోయారు, ఆయన మిగిలారు. ఆ తరవాత ఇండియాలో కలరా చూశారు. మలేరియాకు మింగిన క్వినైనుతో చెవులు హోరెత్తి సగం వినికిడి పోయింది. భార్య ఒక్కసారి వచ్చి ఒక వానాకాలం ఉండి వెళ్ళింది. ఉన్నన్నాళ్ళూ దోమతెర వదిలి బయటికి రాలేదని వంటవాడు చెప్పేవాడు. ఆమె వెళ్ళాక ఉత్తరాలు నెలకోసారి వచ్చి, ఆర్నెల్లకోసారి వచ్చి, ఆ తరవాత రాలేదు. ఇన్ని ఊళ్ళు తిరిగినా ఏ ఊళ్ళోనూ ఆయన చేతికి ఒక్క జబ్బూ లొంగలేదు. దొర నోటివెంట ఆ మాట నేను వినలేదు. కానీ ఆయన చొక్కాలు ఉతికే మనిషిని, ఆయన తీరు నాకు తెలుసు. నిలబడితే కూర్చోలేరు, కూర్చుంటే నిలబడతారు. చొక్కా మోచేతులు వసారా పిట్టగోడకు రాసుకుని అరిగిపోయేవి.

ఆ ఎండల్లో మాత్రం ఆయన ఈల వేస్తూ తిరిగారు. పెట్టె అడుగు నుంచి నల్లకోటు తీసి బూజు దులిపి ఎండలో వెయ్యమన్నారు.

"నకాయిజా! నీకో సంగతి చెప్పనా?" అన్నారు ఒకరోజు. చెవిటివాళ్ళు మాట్లాడినట్టే పెద్దగా మాట్లాడేవారు. "మీ ముసలమ్మలకు ఈ జబ్బు రాదు."

"రాదా దొరా?"

"రాదు. సరస్సు చుట్టూ తిరిగాను. మగవాళ్ళకి ఉంది, పిల్లలకి ఉంది, పడుచువాళ్ళకి ఉంది. మనవల్ని ఎత్తిన ఆడవాళ్ళ మెడలు మాత్రం, ఎక్కడో ఒకరిద్దరివి తప్ప, శుభ్రం. వాళ్ళ రక్తంలో ఏదో మందు ఉంది. ఆ మందేదో పట్టుకుంటే ఈ జబ్బు పని అయిపోయినట్టే."

ఆ సంగతి రాసి లండనుకు పంపారట. అక్కడి పెద్ద డాక్టర్లు ఎదురుగా వచ్చి చదివి వినిపించమన్నారట. కొత్తగా పెట్టిన వైద్యశాలకు ఆయన్నే పెద్దను చేసే మాట నడుస్తోందట.

"ఇంకో సంగతి. ఉత్తరపు ఒడ్డున పొదలు కొట్టే పనికి ముసలమ్మల్నే పెట్టమని సర్కారువారు నా మాట మీద ఉత్తర్వు ఇచ్చారు. పడుచువాళ్ళ ప్రాణాలు దక్కుతాయి" అన్నారు.

నేను సంతోషించాలి. మా అమ్మ ముసలమ్మే కదా. కానీ ఎందుకో లోపల ఏదో గుచ్చుకుంది. అదేమిటో నాకు అందలేదు. చొక్కా మాడిన వాసన వచ్చేదాకా ఇస్త్రీ పెట్టె అక్కడే పెట్టి నిలబడిపోయాను.

లండనుకు కొందరు ముసలమ్మల రక్తం గాజు గొట్టాల్లో పట్టుకెళతానన్నారు దొర. మొదట మీ అమ్మనే తీసుకురమ్మన్నారు. అమ్మ పొంగిపోయింది. కోడితో పాటు వచ్చిన కొత్త పట్టబట్ట కట్టుకుంది. చిన్న బుట్టలో ఎండు కాఫీ గింజలు పోసుకుంది, వెళ్ళిన ఇంటివాళ్ళకు నమలడానికి ఇవ్వాలి కదా.

దొర మా మర్యాదలన్నీ నేర్చుకున్నారు. వసారాలో అమ్మ మోకాళ్ళ మీద కూర్చోగానే కుశలం మొదలుపెట్టారు.

"రాత్రి బాగా గడిచిందా అమ్మా?"

"బాగా గడిచింది. తమరికి?"

"బాగా గడిచింది. ఇంట్లో అందరూ బాగున్నారా?"

"బాగున్నారు. తమ ఇంట్లో?"

"బాగున్నారు" అన్నారు ఇంట్లో ఎవరూ లేని మనిషి.

అమ్మ నా వైపు తిరిగి, "మంచివాడేనే. చెవుడన్నావు, నా మాట వినబడుతోందిగా" అంది.

"నువ్వు అరుస్తున్నావు కదమ్మా."

"అరవక! ఇంత దూరం నడిచొచ్చి గొణగనా?"

దొర నవ్వుతూ అమ్మ చెయ్యి పట్టుకున్నారు. చెయ్యి ఆయన చేతిలో చేపపిల్లలా కొట్టుకుంటోంది.

"ఇదేమిటమ్మా?"

"అల్లుడి మోకాలు తగిలింది నాయనా" అంది అమ్మ, కొంచెం సిగ్గుపడుతూ.

దొర పెద్దగా నవ్వారు. ఆ నవ్వులోనే, అలవాటు కొద్దీ, ఆయన రెండో చెయ్యి అమ్మ మెడ వెనక్కి పోయింది. నవ్వు సగంలో ఆగింది. వేళ్ళు ఒకచోట నిలిచాయి. కొంచెం జరిగాయి. రెండో పక్కకు వెళ్ళి మళ్ళీ మొదటి పక్కకు వచ్చాయి.

"నాలుక చాపండమ్మా" అన్నారు.

అమ్మ నాలుక చాపింది. నాలుక కూడా వణుకుతోంది. ఆయన సూది తెచ్చి, మెడలో గుచ్చి, గాజుపలక మీద చుక్క పెట్టి మైక్రోస్కోపు మీదికి వంగారు. చాలాసేపు వంగే ఉన్నారు. అమ్మ నాకు కాఫీ గింజ ఒకటి ఇచ్చి తనూ ఒకటి నోట్లో వేసుకుంది. నేను నమలలేకపోయాను.

ఆయన తలెత్తేసరికి కసుజ్జా సామాను బుట్ట నెత్తిన పెట్టుకుని దారి మలుపు తిరిగాడు. వసారాలో అమ్మను చూశాడు. బుట్ట అక్కడే పడేసి మందార కంచె వెనక్కి దూకాడు.

"కసుజ్జా! ఇలా రా."

"రాలేను దొరా" అంది కంచె.

"ఏమిటీ?"

"అత్తగారున్నారట, రాలేడట" అని నేను అందించాను.

"ఈమె మెడ నువ్వు తడిమావా?"

 కంచె వెనక నుంచి గొంతు సన్నగా వచ్చింది. "అత్తగారి మెడా? నేనా? అపచారం దొరా!"

"ఛీ ఛీ! ఏం మాటలే ఇవి! ఈయనకి అక్కాచెల్లెళ్ళు లేరా?" అని అమ్మ చెవులు మూసుకుంది.

"మరి తెల్లపూస ఎవరు కట్టారు?"

"వామాలా చేత ఇప్పించాను. నేను తల అటు తిప్పుకుని నిలబడ్డాను. మర్యాద ఎక్కడా తప్పలేదు."

"అయితే వామాలా తడిమాడా?"

"వాడెలా తడుముతాడు దొరా? మా ఆవిడ పిన్ని కూతుర్ని చేసుకున్నాడు. వాడికీ అత్త వరసే."

దొర లేచి వసారా చివరికి నడిచారు. కంచెతో మాట్లాడుతున్నట్టు నిలబడ్డారు. "ఈ దీవిలో మిగతా ముసలమ్మలు?"

"కొందరు నాకు అత్తలు, కొందరు వాడికి అత్తలు. అత్త అక్కచెల్లెళ్ళూ అత్తలే కదా. ఇద్దరికీ ఏమీ కానివాళ్ళుంటే తడిమాం దొరా, ఎవర్నీ వదల్లేదు. చేపలెండబెట్టే ముసలావిడ ఉంది చూడండి, అవతలి ఒడ్డు నుంచి వచ్చింది, నా అనేవాళ్ళు లేరు. ఆమెను తడిమాం."

"ఆమెకు ఏ పూస?"

"నీలం."

నాకు గుచ్చుకున్నదేమిటో అప్పుడు తెలిసింది. దొర పిట్టగోడ పట్టుకున్నారు.

"మిగతా ఒడ్డుల్లో?"

"అక్కడా తడిమేవాళ్ళు ఆ ఊరి అల్లుళ్ళే కదండీ. ఊరివాళ్ళయితే జనం బెదరరని తమరే పెట్టించారు."

"నాకెందుకు చెప్పలేదు?" ఆ మాట ఆయన అరవలేదు. అందుకే కసుజ్జాకు వినబడలేదు. నేనే గట్టిగా అడిగాను, ఎందుకు చెప్పలేదంటున్నారని.

"తమరికి తెలుసనుకున్నాం దొరా" అన్నాడు కసుజ్జా. "దారిలో అత్తగారు ఎదురైతే నేను పొదలోకి దూకినప్పుడల్లా తమరు నవ్వేవారుగా. అయినా ముట్టుకుంటే నా చేతులు వణకవా? వణికే చేతులతో తమకేం పని చేసిపెడతాను?"

 ఆయన నిజంగానే నవ్వేవారు. మా ఆచారం ఆయనకు తెలుసు. తెలిసినది ఒక పక్క, పని ఒక పక్క పెట్టుకున్నారు. రెండూ కలుస్తాయని తోచలేదు. మాకూ తోచలేదు. తెల్లవాళ్ళు వేళ్ళతో చూడకపోయినా ఆ మైక్రోస్కోపు అద్దంలో అన్నీ చూసేస్తారనుకున్నాం.

మరునాటి నుంచి ముసలమ్మల మెడలు ఆయనే తడిమారు. ఇంటింటికీ వెళ్ళి, కుశలం అడిగి, తన చేత్తోనే. కసుజ్జా, వామాలా వీధి చివర మొహాలు తిప్పుకుని నిలబడేవారు. మా పిన్నికి నీలంపూస. నాకు పేరు పెట్టిన మేనత్తకు నీలంపూస. కొందరికి తెల్లవే వచ్చాయి. కానీ నీలంపూసల డబ్బా ముందు ఖాళీ అయింది. ఆ తరవాత నీలం గుడ్డపీలికలు చించి కట్టారు.

లండను వెళ్ళే స్టీమరు ఆ వారంలోనే ఉంది. నల్లకోటు ఇంకా తీగమీద వేలాడుతోంది. ఆయన దాని ముందు నుంచి అటూ ఇటూ నడుస్తున్నారు. నేను వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"దొరా, ఒక్క మాట."

"గట్టిగా చెప్పమ్మా."

అదే చిక్కు. చెవిలో అడగవలసిన మాటను దారిన పోయేవాళ్ళు వినేలా అరవాలి. అరిచాను.

"మా అమ్మని మాతో రానివ్వండి! ఎవరికీ ఏం చెప్పకండి. లండను వెళ్ళండి, మీ పెద్దవాళ్ళతో శభాష్ అనిపించుకోండి. ముసలమ్మలకు జబ్బు రాదన్నారు, ఆ మాట అలాగే ఉండనివ్వండి. ఎవరికి నష్టం? కొండమీద ఈగ లేదన్నది మీరే. ఈగ లేనిచోట అమ్మ జబ్బు ఎవరికంటుకుంటుంది?"

"దారిలో వాగులున్నాయి. వాగు వాగుకీ ఈగ ఉంది. ఆమెను కుట్టిన ఈగే నీ బిడ్డను కుడితే?"

"దుప్పటి కప్పి మోసుకుపోతాం. ఒక్క ఈగను వాలనివ్వం."

ఆయన తల అడ్డంగా ఊపారు. "అదొక్కటే కాదు. ఉత్తరపు ఒడ్డున పొదల్లో ముసలమ్మలు కత్తులు పట్టుకుని దిగి ఉంటారు ఈపాటికి. నా మాట నమ్మి. పొదంటే ఈగల పుట్ట. నేను నోరు మూసుకుంటే సరస్సు చుట్టూ అన్ని ఒడ్డుల్లోనూ వాళ్ళనే దింపుతారు."

"వాళ్ళు నా తల్లులు కారు" అన్నాను.

గట్టిగానే అన్నాను. ఆయనకు వినబడింది. "కారు" అన్నారు.

"బులేరాలో మీ సూదిమందుతో బతుకుతుందా?"

"కొందరు కొంతకాలం బతుకుతున్నారు."

"ఆ మందుకు కళ్ళు పోయినవాళ్ళు లేరా?"

"ఉన్నారు."

ఆ ఒక్కచోటైనా ఆయన అబద్ధం ఆడి ఉంటే నాకు ఊరటగా ఉండేది. నేను కూడా బులేరా వస్తానన్నాను. నీకు పాలు తాగే బిడ్డ ఉంది, బాగున్నవాళ్ళను అక్కడికి రానివ్వం అన్నారు. ఆ నియమం ఆయన పెట్టిందే. నేను ఏడుస్తూ ఉండగానే తీగమీంచి కోటు తీసి నా చేతికిచ్చారు.

"ఇది మడిచి పెట్టెలో పెట్టెయ్యమ్మా. ఇక అక్కర్లేదు."

స్టీమరులో ఆయన వెళ్ళలేదు. లండనుకూ సర్కారుకూ తంతి కొట్టమని రాసిన కాగితం మాత్రం వెళ్ళింది. "నేను రాసినది తప్పు, నా పనివాళ్ళు ముసలి ఆడవాళ్ళను తడమలేదు, వాళ్ళను వెంటనే పొదల పని నుంచి తప్పించండి" అని. జవాబు రావడానికి ఆలస్యం కాలేదు. వైద్యశాల పెద్దరికం ఇంకొకరికి ఇచ్చారు. పనివాళ్ళను గమనించుకోలేని మనిషి దీవుల మీద అధికారిగా ఉండదగడన్నారు. తప్పు అల్లుళ్ళ మీదికి తోసెయ్యమని వంటవాడు కూడా సలహా ఇచ్చాడు. ఆయన తొయ్యలేదు. ఏ పదవీ లేని పని ఒకటి ఉంది, ఎవరూ కోరనిది. బులేరా శిబిరంలో కాపురముండే డాక్టరు పని. అది నాకివ్వండని అడిగి పుచ్చుకున్నారు. తరవాతి రోజుల్లో అటునుంచి వచ్చిన పడవలవాళ్ళు చెప్పేవారు, ఆయన మళ్ళీ ఆ ఒడ్డు వదలలేదని, లండనులో ఆయన పేరు ఎత్తితే అత్తల కథ చెప్పుకుని నవ్వుతారని. ఉత్తరపు ఒడ్డున పొదల్లోంచి లేచి ఇళ్ళకు వెళ్ళిన ముసలమ్మలు చాలా ఏళ్ళు బతికారని కూడా చెప్పారు. నేను విని ఊరుకునేదాన్ని.

అమ్మకు నేనే చెప్పాలి. దడి అవతలికి వెళ్ళాను. చెప్పాను. తెల్లపూస తెంపి, దొర ఇచ్చిన నీలం పీలిక ముంజేతికి కట్టాను. అమ్మ దాన్ని కొంచెంసేపు చూసుకుంది.

"అయితే ఈ వణుకు అల్లుడి మోకాలి వల్ల కాదన్నమాట" అంది. తరవాత దడి వైపు గొంతు పెంచింది. "వినబడిందా అని అడగవే ఆయన్ని! తమ తప్పేమీ లేదట. ఉత్తపుణ్యానికి ఒక కోడి దండగ."

దడికి మా ఇంటి వైపు కసుజ్జా ఏడుస్తున్నాడు. "దండగ కాదని చెప్పు" అన్నాడు.

"దండగ కాదంటున్నాడమ్మా."

"ముదురు కోడి. పళ్ళకు చిక్కుకుంది. అది కూడా చెప్పు."

చెప్పాను.

బులేరా పడవ ముందు బయలుదేరుతుంది, మా పడవ తరవాత. రేవులో ఎవరి మూటలు ఎవరివో తెలియడం లేదు. తెల్లపూసల వాళ్ళు ఒక పక్క, నీలంవాళ్ళు ఒక పక్క, మధ్యలో పిల్లలు అటూ ఇటూ పరిగెత్తుతుంటే జవాన్లు లాక్కొచ్చి వదులుతున్నారు. గాలి దీవి మీంచి నీళ్ళ మీదికి బలంగా వీస్తోంది. అమ్మ ఒడ్డున ఉన్నంతసేపూ కసుజ్జా కనబడకూడదు కాబట్టి మా బిడ్డను ఎత్తుకుని జమ్ము దుబ్బుల వెనక, రేవుకు ఎడంగా నిలబడ్డాడు.

అమ్మ చాప మీద కూర్చుంది. నేను పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాను.  వెళ్ళొస్తానని అనకూడదు, వెళ్ళమని అనకూడదు. ఉడికించిన అరటిముద్ద ఆకులో కట్టి ఇచ్చాను. అమ్మ దాన్ని పక్కన పెట్టుకుంది.

దొర నీళ్ళలోకి దిగి ముసలమ్మల్ని ఒక్కొక్కరినీ ఎత్తి పడవలో కూర్చోబెడుతున్నారు. ఆయన ఎవరికీ అల్లుడు కాదు కదా. మా పిన్ని ఆయన భుజం మీంచి, "మెల్లగా నాయనా, ఇది చేపల బుట్ట కాదు!" అని అరిచింది. అందరూ నవ్వారు, నీలంపూసల వాళ్ళూ తెల్లపూసల వాళ్ళూ.

అమ్మ వంతు దగ్గర పడింది. నేను చెయ్యి వదల్లేదు.

"ఒసే" అంది అమ్మ. "పడవ సంగతి అల్లుడు గారికి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. ఈ గాలికి నేను ముందు కూర్చోవాలో వెనక కూర్చోవాలో అడిగి రా."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. నీళ్ళు ఎగజిమ్మితే నా బట్ట తడిసిపోదూ? కొత్తది. పో, పరిగెత్తు."

ఆమె ఏదో ఒకటి అడిగింది కదా అని నాకు ప్రాణం లేచొచ్చింది. చెయ్యడానికి ఒక పని దొరికింది. మూటల మీంచి దూకుతూ పరిగెత్తాను. కసుజ్జా జమ్ములో మొహం దాచుకుని ఉన్నాడు.

"అమ్మ అడుగుతోంది, ముందు కూర్చోవాలా, వెనకా?"

అతను కళ్ళు తుడుచుకుని తలెత్తి గాలి చూశాడు. వృత్తి కదా, ఏడుస్తూనే సరిగా చూశాడు. "రెండూ కాదు. మధ్యలో. గాలికి వీపు పెట్టి కూర్చోమను, మొహాన నీళ్ళు పడవు." నేను తిరిగేలోపు, "అడిగిందా? నన్నే అడిగిందా?" అన్నాడు.

"నిన్నే" అని పరిగెత్తాను.

చాప ఖాళీగా ఉంది. అరటిముద్ద కూడా లేదు, తీసుకెళ్ళింది. పడవ అప్పుడే లోతుకు వెళ్ళిపోయింది, తెడ్లు పడుతున్నాయి. నడుం లోతు దాకా నీళ్ళలోకి దిగాను. జవాను వెనక నుంచి నా బట్ట పట్టుకున్నాడు.

"మధ్యలో అమ్మా! మధ్యలో! గాలికి వీపు పెట్టి!" అని అరిచాను.

దొర ఒక్కరే నా వైపు తిరిగి చూశారు. చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏమిటన్నట్టు తల ఊపారు. పుట్టిన దగ్గర్నుంచీ ఆ సరస్సులో పడవలెక్కిన మనిషి మా అమ్మ. నేను చెప్పకముందే మధ్యలో కూర్చుని ఉంది, గాలికి వీపు పెట్టి. గాలి మా వైపు నుంచే వీస్తోంది.